ఒకే పాయింటర్ ఒక చిప్‌లో సరిగ్గా చదివి, మరో చిప్‌లో తప్పు విలువ ఎందుకు ఇస్తుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరును ముందుగా చెబుతాను. తేడా ఉంటే సరిదిద్దండి. ఏటీమెగా328పీ చిప్‌లోని ఈఈప్రామ్‌లో (విద్యుత్ పోయినా విలువలు నిలిచే మెమరీలో) 10వ అడ్రస్ దగ్గర 42 అనే విలువను లైబ్రరీ ఫంక్షన్‌తో రాశారు. అదే లైబ్రరీతో తిరిగి చదివితే 42 వస్తోంది. కానీ 10 అనే సంఖ్యను బైట్ పాయింటర్‌గా మార్చి, దాని ముందు నక్షత్రం గుర్తు పెట్టి చదివితే ఏవేవో విలువలు వస్తున్నాయి. ప్రోగ్రాంలో సంబంధం లేని మరో వరుసను మార్చినా ఆ విలువలు మారిపోతున్నాయి. మీ సహాధ్యాయి మాత్రం ఎస్‌టీఎం32ఎల్053 బోర్డుపై సరిగ్గా ఇదే పద్ధతిలో, ఈఈప్రామ్ మొదలయ్యే అడ్రస్‌కు 10 కలిపి చదివితే సరైన విలువ పొందుతున్నారు. పాయింటర్ అంటే మెమరీ అడ్రస్ అని పుస్తకాల్లో చదివిన తర్వాత, మీ పాయింటర్ మాత్రం ఎందుకు పనిచేయడం లేదని మీ సందేహం.

మీరు రాసిన పాయింటర్‌లో వాక్యనిర్మాణపు తప్పేమీ లేదు. తప్పు ఉన్నదల్లా, ఆ 10 అనే సంఖ్య ఏ మెమరీలోని 10 అనే దాని గురించి మీరు చేసుకున్న ఊహలో. సీ భాషలో పాయింటర్ ఒక సంఖ్యను, ఆ సంఖ్య చూపే చోట ఏ రకపు విలువ ఉన్నదన్న సమాచారాన్ని మాత్రమే మోస్తుంది. ఏ మెమరీలోకి వెళ్లి చదవాలన్నది పాయింటర్ చెప్పదు. దాన్ని నిర్ణయించేది, ఆ నక్షత్రం గుర్తును కంపైలర్ ఏ యంత్ర ఆదేశంగా మారుస్తుంది, ఆ ఆదేశం చిప్‌లోని ఏ బస్సు (ప్రాసెసర్‌ను మెమరీతో కలిపే తీగల మార్గం) మీదుగా వెళ్తుంది అనే రెండు విషయాలు. మెమరీ అంతా ఒకే అడ్రస్ వరుసలో ఉన్న చిప్‌లో ఈ తేడా కంటికి కనిపించదు. మీ చిప్ అలాంటిది కాదు.

ఏటీమెగా328పీలో మూడు వేర్వేరు మెమరీలు ఉన్నాయి: ప్రోగ్రాం నిల్వ ఉండే 32 కిలోబైట్ల ఫ్లాష్, ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు చరరాశులు ఉండే 2 కిలోబైట్ల ఎస్‌ర్యామ్, 1 కిలోబైట్ ఈఈప్రామ్. ఫ్లాష్‌కు, ఎస్‌ర్యామ్ ఒక భాగంగా ఉన్న డేటా మెమరీకి, ఈఈప్రామ్‌కు అడ్రస్‌లు విడివిడిగా సున్నా నుంచే మొదలవుతాయి. అంటే 10 అనే అడ్రస్ ఈ చిప్‌లో మూడు చోట్ల ఉంది. ఒకే అంకె ఇంటినంబరు మూడు వీధుల్లో ఉన్నట్టు. మామూలు పాయింటర్‌తో చదివినప్పుడు కంపైలర్ తయారుచేసే ఆదేశాలు డేటా మెమరీని మాత్రమే చూస్తాయి. ఆ డేటా మెమరీలో మొదటి 32 అడ్రస్‌లు, అంటే 0 నుంచి 31 వరకు, ప్రాసెసర్ సాధారణ రిజిస్టర్లకు (లెక్కలకు వాడే దాని సొంత చిన్న గళ్లకు) చెందుతాయి; వాటి తర్వాత 32 నుంచి 255 వరకు పోర్టులు, టైమర్లు వంటి పరికరాల రిజిస్టర్లు ఉంటాయి; ఎస్‌ర్యామ్ 256 దగ్గర మొదలవుతుంది. కాబట్టి మీరు 10వ అడ్రస్ చదివినప్పుడు మీకు వచ్చింది ఈఈప్రామ్ బైట్ కాదు, ఆర్10 అనే రిజిస్టర్‌లో ఆ క్షణాన ఉన్న విలువ. కంపైలర్ ఆ రిజిస్టర్‌ను తన మధ్యంతర లెక్కలకు వాడుకుంటుంది. ప్రోగ్రాంలో ఎక్కడో ఒక వరుస మారిస్తే రిజిస్టర్ల కేటాయింపు మారుతుంది, దానితో మీకు కనిపించే సంఖ్యా మారుతుంది. మీరు గమనించిన వింత ప్రవర్తనకు కారణం పూర్తిగా ఇదే. చదవడంతో ఆగారు కనుక సరిపోయింది. అదే పాయింటర్‌తో రాసి ఉంటే కంపైలర్ దాచుకున్న విలువను పాడుచేసి, దానికి సంబంధం లేని మరో ఫంక్షన్‌లో లోపం బయటపడేది, దాన్ని పట్టుకోవడానికి మీకు రోజులు పట్టేవి.

ఈ చిప్‌లో ఈఈప్రామ్ అసలు ప్రాసెసర్ బస్సు మీద మెమరీలా లేదు. అది ఒక పరికరం వెనుక ఉంది. అడ్రస్‌ను ఒక రిజిస్టర్‌లో రాయాలి, కంట్రోల్ రిజిస్టర్‌లో చదువు అనే బిట్ పెట్టాలి, అప్పుడు ప్రాసెసర్ నాలుగు క్లాక్ చక్రాలు ఆగుతుంది, ఆ తర్వాత డేటా రిజిస్టర్‌లో బైట్ దొరుకుతుంది. లైబ్రరీలోని ఈఈప్రామ్_రీడ్_బైట్ ఫంక్షన్ చేసేది ఇదే. దానితో పాటు, అంతకుముందు మొదలైన రాత ఇంకా పూర్తి కాకపోతే అది పూర్తయ్యేదాకా వేచి ఉంటుంది. ఒక బైట్ రాయడానికి సుమారు మూడున్నర మిల్లీసెకన్లు పడుతుంది కనుక ఈ వేచి ఉండడం చిన్న విషయం కాదు.

మిమ్మల్ని తికమకపెట్టిన అసలు విషయం బహుశా ఇంకొకటి. ఆ ఫంక్షన్ తీసుకునే ఆర్గ్యుమెంట్ రకం కూడా పాయింటరే. పాయింటర్ ఇస్తే ఫంక్షన్ చదవగలిగినప్పుడు నేనెందుకు చదవలేనని అనిపించడం సహజం. అక్కడ పాయింటర్ రకాన్ని వాడింది సౌకర్యం కోసం మాత్రమే. ఈఈమెమ్ అనే గుర్తు పెట్టి ఒక చరరాశిని ప్రకటిస్తే, లింకర్ (కంపైల్ అయిన ముక్కలను కలిపి అడ్రస్‌లు కేటాయించే సాధనం) దానికి ఈఈప్రామ్ విభాగంలో చోటు ఇస్తుంది, మీరు దాని అడ్రస్‌ను ఫంక్షన్‌కు ఇవ్వవచ్చు, చేతితో ఆఫ్‌సెట్‌లు లెక్కపెట్టుకోనక్కర లేదు. లింకర్ లోపల ఈ మెమరీలను కలిసిపోకుండా ఉంచడానికి ఎస్‌ర్యామ్‌కు హెక్స్‌లో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో) 800000, ఈఈప్రామ్‌కు హెక్స్‌లో 810000 అనే కృత్రిమమైన ఆధార సంఖ్యలు కలుపుకొంటుంది. లింకర్ ఆ కేటాయింపులను రాసిపెట్టే మ్యాప్ ఫైల్ తెరిస్తే ఆ పెద్ద సంఖ్యలు మీకు కనిపిస్తాయి. కానీ ఈ కంపైలర్‌లో పాయింటర్ వెడల్పు 16 బిట్లే. పై భాగం తెగిపోయి, కింది భాగం మాత్రమే ప్రోగ్రాంలోకి వస్తుంది. అంటే ఏ మెమరీ అన్న సమాచారం సరిగ్గా ఆ తెగిపోయిన భాగంలోనే ఉండిపోయింది. చేతిలో మిగిలింది ఈఈప్రామ్ మొదటి నుంచి ఎన్నో బైట్ అన్న లెక్క మాత్రమే. దాని ముందు నక్షత్రం పెట్టకూడదు. లైబ్రరీ ఫంక్షన్‌కు అందించడానికి మాత్రమే అది పనికివస్తుంది.

ఈఈమెమ్ గుర్తుతో ప్రకటించిన చరరాశికి మొదటి విలువ ఇస్తే అది ప్రోగ్రాం ఫైల్‌లోకి రాదని కూడా ఇక్కడే చెప్పాలి. దానికి వేరే ఈఈపీ ఫైల్ తయారవుతుంది, దాన్ని విడిగా చిప్‌లోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే చదివినప్పుడు 255 వస్తుంది, చెరిపిన స్థితిలో ఆ కణాల విలువ అదే. ప్రోగ్రామర్‌తో చిప్ మొత్తాన్ని చెరిపినప్పుడు ఈఈసేవ్ ఫ్యూజ్ (చిప్‌లోని ఒక అమరిక బిట్) పెట్టి ఉండకపోతే ఈఈప్రామ్ కూడా చెరిగిపోతుంది. నిన్న ఉన్న విలువ ఇవాళ లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇది.

ఫ్లాష్ సంగతి కూడా ఈ చిప్‌లో ఇంతే. ప్రోగ్‌మెమ్ గుర్తుతో ఒక పట్టికను ఫ్లాష్‌లో ఉంచి, మామూలు పాయింటర్‌తో చదివితే, ఆ సంఖ్యకు సరిపోయే ఎస్‌ర్యామ్ చోటో రిజిస్టరో చదవబడుతుంది. ఫ్లాష్‌ను చదవడానికి ఎల్‌పీఎం అనే ప్రత్యేక ఆదేశం ఉంది. పీజీఎం_రీడ్_బైట్ అనేది దానికి తొడుగు. ఇక్కడ అనుభవజ్ఞులు కూడా జారిపడే చోటు ఒకటుంది. అక్షరమాలల (స్ట్రింగుల) పట్టికను ఫ్లాష్‌లో ఉంచుతున్నామనుకొని, పట్టికకు మాత్రమే గుర్తు పెడతారు. కానీ ఆ పట్టికలో ఉన్నవి పాయింటర్లు, అవి చూపే అక్షరమాలలు ఎస్‌ర్యామ్‌లోనే ఉండిపోతాయి. ఒక్కొక్క అక్షరమాలను విడిగా ఫ్లాష్‌లో ప్రకటించి, వాటి అడ్రస్‌లతో పట్టికను నింపి, చదివేటప్పుడు మొదట పట్టిక నుంచి పాయింటర్‌ను, తర్వాత ఆ పాయింటర్ చూపే చోటి నుంచి అక్షరాలను, రెండుసార్లూ ప్రత్యేక ఫంక్షన్లతోనే చదవాలి.

జీసీసీ కంపైలర్‌లో 4.7 వెర్షన్ నుంచి, మీ చిప్ చెందిన ఏవీఆర్ కుటుంబం కోసం ఫ్లాష్ అనే పేరున్న అడ్రస్ స్పేస్ గుర్తు కూడా అందుబాటులో ఉంది. పాయింటర్ రకంలోనే ఇది ఫ్లాష్‌కు చెందినదని రాస్తే, నక్షత్రం గుర్తు పెట్టినప్పుడు కంపైలర్ తానే ఎల్‌పీఎం ఆదేశాన్ని వాడుతుంది. నా దృష్టిలో ఇది చాలా మంచి పద్ధతి, ఎందుకంటే పాయింటర్‌లో లేని సమాచారాన్ని ఇది రకంలోకి తెచ్చింది. తప్పు మెమరీకి చెందిన పాయింటర్‌ను అందిస్తే కంపైలర్ హెచ్చరించే అవకాశం కూడా కలుగుతుంది. అయితే ఇది సీ భాషకు మాత్రమే, సీ ప్లస్ ప్లస్‌లో లేదు. కాబట్టి ఆర్డుయినో స్కెచ్‌లో నేరుగా వాడలేరు.

256 కిలోబైట్ల ఫ్లాష్ ఉన్న ఏటీమెగా2560 వంటి చిప్‌లలో మరో చిక్కు ఉంది. 16 బిట్ల పాయింటర్ మొదటి 64 కిలోబైట్లను దాటి చూడలేదు. లింకర్ ప్రోగ్‌మెమ్ డేటాను వీలైనంత ముందు భాగంలో ఉంచుతుంది కనుక సాధారణ ప్రోగ్రాంలలో ఇబ్బంది రాదు. కానీ ఫ్లాష్ చివర కూర్చునే బూట్‌లోడర్‌లో (చిప్‌లోకి కొత్త ప్రోగ్రాంను ఎక్కించే చిన్న ప్రోగ్రాంలో) ఒక పట్టిక పెట్టుకుంటే, దాన్ని పీజీఎం_రీడ్_బైట్‌తో చదివినప్పుడు ఫ్లాష్ మొదట్లోని వేరే బైట్లు వస్తాయి. అక్కడ దూరపు అడ్రస్‌లకు ఉద్దేశించిన పీజీఎం_రీడ్_బైట్_ఫార్ వాడి, 32 బిట్ల అడ్రస్ ఇవ్వాలి.

ఇక మీ సహాధ్యాయి చిప్. ఎస్‌టీఎం32ఎల్053లో ఉన్నది కార్టెక్స్-ఎం0 ప్లస్ ప్రాసెసర్. దానికి 32 బిట్ల అడ్రస్ వరుస ఒక్కటే. ఫ్లాష్ హెక్స్‌లో 08000000 దగ్గర, 2 కిలోబైట్ల డేటా ఈఈప్రామ్ 08080000 దగ్గర, ఎస్‌ర్యామ్ 20000000 దగ్గర, పరికరాల రిజిస్టర్లు 40000000 దగ్గర మొదలవుతాయి. ఏ మెమరీ అన్న సమాచారం అడ్రస్ పై బిట్లలోనే ఉంది, పాయింటర్‌లో ఆ బిట్లన్నీ పట్టుతాయి. అందువల్ల ఒకే రకపు చదివే ఆదేశం అన్నిచోట్లా పనిచేస్తుంది. ఆయన కోడ్ సరైనదే, మీ కోడ్ కూడా ఆ చిప్ మీద సరైనదే అయ్యేది, ఆధార అడ్రస్ కలిపి ఉంటే.

ఏవీఆర్ కుటుంబం మొత్తం మీ చిప్‌లాంటిదే అనుకోకండి. ఏటీమెగా4809 వంటి కొత్త చిప్‌లలో ఈఈప్రామ్‌ను డేటా మెమరీలోనే హెక్స్‌లో 1400 దగ్గర, ఫ్లాష్‌ను 4000 దగ్గర కనిపించేలా చేశారు. అక్కడ మామూలు పాయింటర్‌తో రెండింటినీ చదవవచ్చు. పిక్18లో ఫ్లాష్‌కు టేబుల్ రీడ్ ఆదేశాలు, 8051లో కోడ్ మెమరీకి మూవ్‌సీ ఆదేశం, ఇలా మీ చిప్ తరహావి ఇంకా ఉన్నాయి. ఎఫ్‌ర్యామ్ (విద్యుత్ పోయినా విలువ నిలిచే మరో రకం మెమరీ) ఉన్న ఎంఎస్‌పీ430 చిప్‌లలో, రక్షణ బిట్లు అడ్డు లేకపోతే, చదవడమే కాదు రాయడం కూడా మామూలు పాయింటర్‌తో జరిగిపోతుంది. ఏ చిప్ చేతికి వచ్చినా డేటాషీట్‌లో మెమరీ పటం ఉన్న పేజీని తెరిచి చూశాకే పాయింటర్ రాయండి. కోడ్ ఉదాహరణలను వెతకడం ఆ తర్వాతి పని.

పాయింటర్‌తో చదవగలిగే చిప్ అయినంత మాత్రాన చదివిన విలువ నిజమైనదని నమ్మడానికి లేదు. మీరు తర్వాత అలాంటి చిప్‌కు మారే ఆలోచనలో ఉన్నామన్నారు కనుక ఈ భాగాన్ని కొంచెం విస్తరించి రాస్తున్నాను.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఏడిపించినది కంపైలర్ చేసే ఊహ. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కొలత పరికరంలో, సరిదిద్దే గుణకాన్ని ఫ్లాష్‌లో ఒక స్థిర చరరాశిగా, కాన్స్ట్ గుర్తుతో, 1000 అనే ప్రారంభ విలువతో ప్రకటించాం. తయారీలో ప్రతి పరికరాన్ని పరీక్షించి, దాని అసలు గుణకాన్ని ఆ చోట మళ్లీ రాసేవారు. మా బల్లల మీద, డీబగ్ బిల్డ్‌లో అంతా సవ్యంగా ఉంది. ఆప్టిమైజేషన్ (కోడ్‌ను కంపైలర్ వేగంగా, చిన్నదిగా మార్చే స్థాయి) పెంచి విడుదల బిల్డ్ చేశాక, ఫ్లాష్‌లో సరైన గుణకం ఉన్నట్టు డీబగ్గర్ చూపిస్తున్నా, ప్రతి పరికరమూ 1000తోనే లెక్కవేసింది. కారణం చాలా సరళమైనది. కాన్స్ట్ అని ప్రకటించి విలువ ఇచ్చిన చరరాశి ఎప్పటికీ మారదని కంపైలర్‌కు మేమే మాట ఇచ్చాం. అది ఆ మాటను నమ్మి, మెమరీని చదవడమే మానేసి, 1000ని నేరుగా ఆదేశాల్లో నాటేసింది. తప్పు కంపైలర్‌ది కాదు, మాది. ఆ చరరాశిని వోలటైల్ కాన్స్ట్ అని ప్రకటించడంతో సమస్య తీరింది. మన కోడ్ దాన్ని మార్చదు కానీ బయటి నుంచి మారవచ్చు, కాబట్టి ప్రతిసారీ మెమరీ నుంచే చదువు అని ఆ రెండు మాటలు కలిసి చెబుతాయి. ఫ్లాష్ మీద పాయింటర్ రాసేటప్పుడు ఈ రెండు మాటలూ నక్షత్రానికి ఎడమ వైపున, అంటే చూపబడే విలువకు, ఉండాలి. కుడి వైపున పెడితే పాయింటర్ వోలటైల్ అవుతుంది గాని, అది చూపే చోటు కాదు.

అడ్రస్‌ను సంఖ్యగా కోడ్‌లో రాసుకోవడం రెండో ప్రమాదం. మీకు ఖాళీగా ఉన్న ఫ్లాష్ పేజీ అని తోచిన చోటికి ప్రోగ్రాం పెరిగి వచ్చి చేరుతుంది, ఆ రోజున మీ సెట్టింగులను చెరిపే కోడ్ తన ఆదేశాలను తానే చెరుపుకుంటుంది. లింకర్ స్క్రిప్ట్‌లో ఆ పేజీని వేరుచేసి, ప్రోగ్రాంకు కేటాయించిన నిడివిని ఆ మేరకు తగ్గించి, ఆ పేజీ మొదటికి ఒక పేరు పెట్టండి. ఆ పేరును సీలో వాడేటప్పుడు మరో పొరపాటు ఎదురవుతుంది: లింకర్ ఇచ్చిన పేరుకు విలువ అంటూ ఉండదు, అడ్రస్ మాత్రమే ఉంటుంది. దాన్ని 32 బిట్ల చరరాశిగా ప్రకటించి, ఆ పేరునే వాడితే, అడ్రస్‌కు బదులు ఆ అడ్రస్ దగ్గర ఉన్న విషయం చేతికి వస్తుంది. బైట్ల వరుసగా, అంటే నిడివి రాయని అర్రేగా ప్రకటిస్తే, పేరే అడ్రస్‌గా మారుతుంది కనుక ఈ పొరపాటుకు తావుండదు. పేజీ సరిహద్దులు కూడా చిప్‌ను బట్టి మారతాయి. ఎస్‌టీఎం32ఎఫ్407లో మొదటి నాలుగు సెక్టార్లు 16 కిలోబైట్లవి, ఐదోది 64 కిలోబైట్లది, ఆ తర్వాతవి 128 కిలోబైట్లవి; ఒక చిన్న సెట్టింగు కోసం పెద్ద సెక్టార్‌ను ఎంచుకుంటే, దాన్ని చెరపడానికి ఒక సెకను, అంతకంటే ఎక్కువ కూడా పట్టవచ్చు, ఆ సమయంలో అదే ఫ్లాష్ నుంచి నడుస్తున్న ప్రోగ్రాం ఆగిపోతుంది.

ఒక స్ట్రక్చర్ పాయింటర్‌ను ఫ్లాష్ మీద ఉంచి, సభ్యులను నేరుగా చదవడం చాలామందికి ఇష్టమైన పద్ధతి. చూడడానికి అందంగా ఉంటుంది, నేను కూడా వాడాను. కానీ మీరూ మీ సహాధ్యాయీ ఒకే హెడర్ ఫైల్ పంచుకుంటున్నామన్నారు. అక్కడ జాగ్రత్త అవసరం. ఒక బైట్, దాని వెనుక ఒక 32 బిట్ల సంఖ్య ఉన్న స్ట్రక్చర్ మీ 8 బిట్ల చిప్‌లో 5 బైట్లు, ఆయన చిప్‌లో మధ్యలో మూడు బైట్ల ఖాళీతో 8 బైట్లు ఆక్రమిస్తుంది. ఇంట్ మీ దగ్గర 16 బిట్లు, ఆయన దగ్గర 32. డబుల్ మీ కంపైలర్‌లో మామూలుగా 4 బైట్లు, ఆయన దగ్గర 8. నిడివి పేరులోనే ఉన్న రకాలను మాత్రమే వాడి, పెద్దవాటిని ముందు ఉంచి, స్ట్రక్చర్ మొత్తం నిడివి ఎంత ఉండాలో కంపైల్ సమయంలోనే స్టాటిక్ అసర్ట్‌తో సరిచూసుకోండి.

ఖాళీలు పోవాలని, సభ్యులను పక్కపక్కనే సర్దమని చెప్పే ప్యాక్డ్ గుర్తు పెట్టడం సులభమైన పరిష్కారంలా కనిపిస్తుంది. దాని వెనుక పొంచి ఉన్నది అలైన్‌మెంట్ సమస్య. కార్టెక్స్-ఎం0 ప్లస్‌లో 32 బిట్ల సంఖ్యను నాలుగుతో భాగించబడని అడ్రస్ నుంచి చదివితే ప్రాసెసర్ హార్డ్ ఫాల్ట్ అనే లోప స్థితిలోకి వెళ్తుంది. ప్యాక్డ్ స్ట్రక్చర్ ద్వారా చదివినంతసేపు కంపైలర్ జాగ్రత్తపడి బైట్ బైట్‌గా చదువుతుంది. కానీ ఆ స్ట్రక్చర్‌లోని ఒక సభ్యుడి అడ్రస్‌ను తీసుకొని మామూలు 32 బిట్ల పాయింటర్‌లో పెట్టిన మరుక్షణం ఆ జాగ్రత్త మాయమవుతుంది. కార్టెక్స్-ఎం3, ఎం4 చాలావరకు సహిస్తాయి గాని, ఒకేసారి పలు పదాలను చదివే ఆదేశాలకు అక్కడా మినహాయింపు లేదు. ఏ ఆదేశం వాడాలన్నది మీ చేతిలో కాక కంపైలర్ చేతిలో ఉంటుంది. ఈఎస్‌పీ8266లో ఫ్లాష్ భాగాన్ని 32 బిట్ల పదాలుగా మాత్రమే చదవాలి. ఒక బైట్ పాయింటర్‌తో ముట్టుకున్నా ఎక్సెప్షన్ వస్తుంది. అందుకే నేను ఇప్పుడు ఫ్లాష్‌లోని స్ట్రక్చర్‌ను అక్కడే ఉంచి చదవడం మానేసి, మొదట ఎస్‌ర్యామ్‌లోని సరైన స్ట్రక్చర్‌లోకి మెమ్‌కాపీతో తెచ్చుకొని, అక్కడి నుంచి వాడతాను. కొన్ని పదుల బైట్లకు ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

పాయింటర్ లెక్కల్లో మరొక చిన్న విషయం: 32 బిట్ల పాయింటర్‌కు 10 కలిపితే అది 40 బైట్లు ముందుకు జరుగుతుంది. బైట్లలో ఆఫ్‌సెట్ కావాలంటే బైట్ పాయింటర్ మీదే కలపాలి.

ఇప్పుడే రాసిన విలువను వెంటనే పాయింటర్‌తో చదివి సరిచూసుకునే అలవాటు మంచిదే, కానీ చదివింది ఫ్లాష్ నుంచేనా అని చూసుకోవాలి. ఎస్‌టీఎం32ఎఫ్4లో ఫ్లాష్ ముందు ఒక చిన్న డేటా క్యాష్ (ఇటీవల చదివిన విలువల నకళ్లు ఉంచుకునే చోటు) ఉంది. చెరపడం అయిన తర్వాత ఆ క్యాష్‌ను ఆపి, ఖాళీచేసి, మళ్లీ ప్రారంభించకపోతే పాత విలువే కనిపించవచ్చు. వోలటైల్ గుర్తు ఇక్కడ సహాయం చేయదు, ఎందుకంటే అది కంపైలర్‌కు చెప్పే మాట, క్యాష్‌కు కాదు. ఆర్‌పీ2040లో ఫ్లాష్ చిప్ బయట ఉంటుంది, దాన్ని హెక్స్‌లో 10000000 దగ్గర 16 కిలోబైట్ల క్యాష్ ద్వారా చదువుతాం. క్యాష్‌ను పక్కన పెట్టి చదవడానికి అదే ఫ్లాష్ 13000000 దగ్గర మరోసారి కనిపిస్తుంది. ఆ చిప్‌లో చదవడానికి పూర్తి అడ్రస్ కావాలి, చెరిపే ఫంక్షన్‌కు మాత్రం ఫ్లాష్ మొదటి నుంచి ఆఫ్‌సెట్ ఇవ్వాలి. చదివిన పాయింటర్‌నే చెరిపే ఫంక్షన్‌కు అందించడం అక్కడ తరచుగా జరిగే పొరపాటు.

రాత మధ్యలో విద్యుత్ పోతే ఏమవుతుందన్నది మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ఆ తర్వాత చదివినప్పుడు సగం కొత్త, సగం పాత బైట్లు రావచ్చు. అది చాలామందికి తెలుసు. ఎస్‌టీఎం32ఎల్4 వంటి చిప్‌లలో ప్రతి 64 బిట్లకు 8 బిట్ల లోపనివారణ సంకేతం జతగా ఉంటుంది. ఒక బిట్ తేడాను అది సరిదిద్దుతుంది, రెండు బిట్ల తేడా కనిపిస్తే ప్రాసెసర్‌కు ఎన్‌ఎంఐ అంతరాయం పంపుతుంది. ఆ అంతరాయాన్ని ఆపడానికి వీలుండదు. దానికి మీరు హ్యాండ్లర్ (అంతరాయం వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) రాయకపోతే ముందే ఉన్న అనంత లూప్‌లో ప్రోగ్రాం చిక్కుకుంటుంది. సగంలో ఆగిన రాతను, అది సరైనదో కాదో చూద్దామని పాయింటర్‌తో ముట్టుకోవడమే పరికరం మళ్లీ ఎప్పటికీ లేవకుండా చేయగలదు. ఇలాంటి చిప్‌లో హ్యాండ్లర్ రాసి, అందులో ఏ అడ్రస్ దగ్గర లోపం వచ్చిందో చూసి, అది సెట్టింగుల పేజీ అయితే ఆ కాపీ చెల్లదని గుర్తుపెట్టుకొని ముందుకు సాగాలి.

చెల్లుబాటును గుర్తించడానికి 255 ఉంటే ఖాళీ అనుకోవడం సరిపోదు. మీ సహాధ్యాయి చిప్‌లో, అంటే ఎస్‌టీఎం32ఎల్0 శ్రేణిలో, చెరిపిన కణం విలువ 255 కాదు, సున్నా. మీ కోడ్‌లోని ఖాళీ పరీక్ష అక్కడ ఎప్పుడూ విఫలమవుతుంది, సున్నాలన్నీ సరైన సెట్టింగులుగా చలామణి అవుతాయి. రికార్డు మొదట్లో ఒక గుర్తింపు సంఖ్య, తర్వాత నిర్మాణపు వెర్షన్, నిడివి, చివర సీఆర్‌సీ (డేటా పాడైందో లేదో తేల్చే సరిచూపు సంఖ్య) ఉంచండి. గుర్తింపు సంఖ్య, నిడివి సరిగ్గా ఉన్నాయని చూశాకే సీఆర్‌సీ లెక్కించండి, ఎందుకంటే చెత్త నిడివిని నమ్మి లెక్కమొదలుపెడితే పాయింటర్ మెమరీ హద్దు దాటిపోతుంది. రెండు కాపీలు రెండు వేర్వేరు పేజీల్లో ఉంచి, క్రమసంఖ్య పెద్దదిగా ఉన్న చెల్లుబాటయ్యే కాపీని తీసుకుంటే, ఒకటి పాడైనా రెండోది మిగులుతుంది. ఏటీమెగా328పీ ఈఈప్రామ్ లక్ష రాతలకు, ఫ్లాష్ 10,000 రాతలకు హామీ ఇస్తుంది కనుక, లూప్‌లో ప్రతిసారీ రాయకుండా, విలువ మారితేనే రాసే ఈఈప్రామ్_అప్‌డేట్_బ్లాక్ ఫంక్షన్ వాడండి.

మీ పాయింటర్ ఏ మెమరీని చూస్తోందో ఊహించనక్కర లేకుండా తేల్చుకునే దారి ఒకటుంది. కంపైల్ అయిన ఫైల్‌ను డిసాసెంబుల్ చేసి (అంటే యంత్ర ఆదేశాల పేర్లుగా మార్చి), ఆ వరుస దగ్గర ఏ ఆదేశం వచ్చిందో చూడండి. మీ చిప్‌లో ఎల్‌డీ లేదా ఎల్‌డీఎస్ కనిపిస్తే డేటా మెమరీ చదవబడుతోంది, ఎల్‌పీఎం కనిపిస్తే ఫ్లాష్, ఈఈప్రామ్ రిజిస్టర్లకు అడ్రస్ రాసే ఆదేశాలు కనిపిస్తే ఈఈప్రామ్. మీ ప్రస్తుత కోడ్‌ను ఇలా చూస్తే నేను పైన చెప్పినది మీ కళ్లెదుటే ఉంటుంది, పది నిమిషాల పని.

మీ ఇద్దరి ప్రాజెక్టుకు నేను సూచించే నిర్మాణం ఇది. సెట్టింగులను చదవడానికి ఒకే ఫంక్షన్ పెట్టుకోండి. దానికి ఆఫ్‌సెట్, గమ్యపు బఫర్, ఎన్ని బైట్లు అనే మూడు విషయాలు మాత్రమే ఇవ్వండి. ఆఫ్‌సెట్‌ను పాయింటర్‌గా కాక 16 బిట్ల సంఖ్యగా ప్రకటించండి, అప్పుడు దాని ముందు నక్షత్రం పెట్టడానికి కంపైలరే ఒప్పుకోదు. మీ చిప్ కోసం రాసిన ఫైల్‌లో ఆ ఫంక్షన్ ఈఈప్రామ్_రీడ్_బ్లాక్‌ను పిలుస్తుంది. ఆయన చిప్ కోసం రాసిన ఫైల్‌లో ఆఫ్‌సెట్, నిడివి కలిపి 2048 దాటలేదని చూసి, హెక్స్‌లో 08080000కు ఆఫ్‌సెట్ కలిపి, వోలటైల్ కాన్స్ట్ బైట్ పాయింటర్‌తో ఒక్కొక్క బైట్‌ను బఫర్‌లోకి తెస్తుంది. సీఆర్‌సీ పరీక్ష, వెర్షన్ పరీక్ష బఫర్ మీద జరుగుతాయి కనుక ఆ కోడ్ ఇద్దరికీ ఉమ్మడి. మీ ప్రశ్నలోని 42ను ముందు ఈ ఫంక్షన్‌తో 10వ ఆఫ్‌సెట్ నుంచి చదివి చూడండి; రెండు బోర్డుల మీదా అదే విలువ వచ్చాక మిగతా సెట్టింగులను దీని కిందికి మార్చండి.